తుంటి మార్చాక కూడా నొప్పి: ఎక్కడిదో తేలితేనే తగ్గేది

"ఎక్స్‌రే బాగానే ఉందండీ, కీలు చక్కగా కూర్చుంది." తుంటి మార్పిడి చేయించుకున్న ఆరు నెలలకో ఏడాదికో నొప్పి అంటూ మళ్లీ ఆస్పత్రికి వెళ్లినవాళ్లలో చాలామందికి వినపడే మాట ఇది. డాక్టరు చెప్పింది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఎక్స్‌రేలో కనిపించేది లోహమూ ఎముకా మాత్రమే. కండరం, దాన్ని ఎముకకు కట్టే నరంలాంటి పోగు, అసలు నరం, కీలు చుట్టూ ఊరే నీరు అందులో కనపడవు. నొప్పి వీటిలో దేనివల్లనైనా రావచ్చు. ఎక్స్‌రే బాగుందంటే నొప్పి లేదని కాదు, వెతకాల్సిన చోటు మరొకటి అని అర్థం.

1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ ఇప్పటి పద్ధతికి బాట వేసినప్పటినుంచి తుంటి మార్పిడి నమ్మకమైన ఆపరేషన్‌గానే పేరు తెచ్చుకుంది. మోకాలి మార్పిడితో పోలిస్తే దీనికి తృప్తి పాళ్లు ఎక్కువ. అయినా అందరికీ నొప్పి పోదు. పాత అధ్యయనాలను కలిపి చూసి 2012లో వెలువడిన ఒక సమీక్షలో, తుంటి మార్చుకున్నవాళ్లలో అధ్యయనాన్ని బట్టి 7 నుంచి 23 శాతం మందికి దీర్ఘకాలం నొప్పి మిగిలినట్టు తేలింది. కాబట్టి నొప్పి ఉందని చెప్పుకునేవాళ్లు ఓర్పులేనివాళ్లూ కాదు, అరుదైనవాళ్లూ కాదు.

ముందు కాలం లెక్క చూసుకోవాలి. కోత నొప్పి రెండు నుంచి ఆరు వారాల్లో చాలావరకు దిగుతుంది. కోసి కుట్టిన కండరాల పీకుడు, పట్టేసినట్టుండడం మూడు నెలల దాకా మామూలే. ఆ తర్వాత కూడా బలం, నడక ఏడాది వరకు మెరుగుపడుతూనే ఉంటాయి. వైద్యులు మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. అయితే ఇక్కడ చూడాల్సింది నెలల కన్నా నొప్పి పోతున్న దారి. నెల నెలకీ కొంచెం తగ్గుతూ ఉంటే ఐదో నెలలో నొప్పి ఉన్నా భయం లేదు. రెండో నెలలో తగ్గి నాలుగో నెలలో పెరిగితే మాత్రం ఆగి చూడాలి.

మూడు ప్రశ్నలు

మాత్రల చీటీ రాయించుకునే ముందు మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకుంటే సగం పని అయినట్టే. నొప్పి ఎక్కడ? ఎప్పుడు? మధ్యలో నొప్పి లేని రోజులు ఉన్నాయా?

మూడోదాన్ని చాలామంది అడగరు, చెప్పరు. ఆపరేషన్ అయిన రోజునుంచీ నొప్పి తగ్గనే లేదంటే అనుమానాలు ఒక రకం: లోపల చీము చేరడం, కాడ (తొడ ఎముకలోకి దింపే లోహపు కడ్డీ, దాని పైనే బంతి కూర్చుంటుంది) ఎముకను సరిగ్గా పట్టుకోకపోవడం, లేదా అసలు నొప్పి తుంటిది కాక నడుముది కావడం. ఆపరేషన్‌కు ముందున్న నొప్పే అచ్చంగా అలాగే కొనసాగుతుంటే ఈ చివరిదాన్ని గట్టిగా అనుమానించాలి. అలాకాక రెండు మూడేళ్లు హాయిగా తిరిగి మళ్లీ మొదలైతే అనుమానాలు వేరు: కాడో గిన్నో (బంతి తిరిగే, ఎముక గూటిలో బిగించే భాగం) వదులవడం, ఎముకలో సన్నటి పగులు, లైనర్ (గిన్నె లోపలి పొర) అరుగుదల, ఒంట్లో మరోచోటి ఇన్ఫెక్షన్ రక్తం ద్వారా కీలుకు చేరడం.

"ఎప్పుడు" అన్నది కూడా అంతే పదునైన ప్రశ్న. కుర్చీలోంచి లేచిన మొదటి ఐదారు అడుగులకు నొప్పి పుట్టి, నడుస్తూ ఉంటే సర్దుకుంటే కాడ కదులుతోందేమో చూడాలి. నడిచేకొద్దీ పెరిగి, కూర్చున్నా ముందుకు వంగినా తగ్గితే నడుములో నరాల దారి ఇరుకైనట్టు. కదిలినా కదలకపోయినా, అర్ధరాత్రి కూడా సలుపుతూ ఉంటే ఇన్ఫెక్షన్ కాదని రుజువయ్యేదాకా ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలి.

ఇక "ఎక్కడ". "తుంటి నొప్పి" అని అరచెయ్యి మొత్తం ఆనించి చూపిస్తే ఏమీ తేలదు. ఒక్క వేలుతో చూపించాలి.

గజ్జలో

వేలు గజ్జ మీద పడితే గిన్నె వైపు, దాని ముందునుంచి వెళ్లే సోయాస్ కండరం వైపు చూడాలి. తొడను పైకెత్తేది ఈ కండరమే. దాని పోగు గిన్నె ముందు అంచు మీదుగా జారుతుంది. ఎముక గూడు చిన్నదై గిన్నె సైజు పెద్దదైనా, గిన్నె ముందుకు తిరగాల్సినంత తిరగకపోయినా అంచు ఎముక దాటి బయటికి పొడుచుకొస్తుంది. కాలు ఎత్తిన ప్రతిసారీ ఆ పోగు అంచుకు రాసుకుంటుంది. తాడు గచ్చు అంచు మీద ఒరుసుకున్నట్టన్నమాట.

దీన్ని పట్టే పరీక్ష ఇంట్లోనే ఉంది. ఆటో ఎక్కేటప్పుడు కాలు తనంతట తాను పైకి లేవదు, గజ్జలో చురుక్కుమంటుంది. రెండు చేతులతో తొడ పట్టుకుని ఎత్తిపెడితే మాత్రం నొప్పి ఉండదు. ఆర్టీసీ బస్సు మెట్టు, మేడ మెట్లు, మంచం మీదికి కాలు తీసుకోవడం దగ్గరా అదే తీరు. చదునైన నేల మీద ఎంత దూరమైనా నడవగలరు. ఈ వర్ణన డాక్టరుకు చెప్పగలిగితే ఆయన సీటీ స్కాన్ తీయించి గిన్నె కోణం, అంచు ఎంత బయటికుందో కొలిపిస్తాడు. అల్ట్రాసౌండ్ చూస్తూ ఆ పోగు తొడుగులోకి మత్తుమందు ఎక్కిస్తే కాసేపటికే నొప్పి మాయమవడం ఆ పోగే కారణమనడానికి గట్టి సాక్ష్యం. ముందు ఫిజియోథెరపీ, తర్వాత ఇంజెక్షన్, అప్పటికీ తగ్గకపోతే పోగును సన్నటి గొట్టం ద్వారా కోసి వదులు చేయడం అనేది వరస. అంచు దాదాపు 8 మి.మీ. కన్నా ఎక్కువ బయటికుంటే పోగు కోయడం కన్నా గిన్నె మార్చడం మేలని సర్జన్లు భావిస్తారు.

గజ్జ నొప్పికి అసలు కీలుతో సంబంధమే లేని కారణమూ ఒకటుంది: హెర్నియా, అంటే పేగు గజ్జలోకి జారడం. దగ్గినప్పుడు ఉబ్బే గజ్జను చూడకుండా కీలు స్కానుల మీద వేలకు వేలు పోసేవాళ్లున్నారు.

పక్కన, తొడలో, పిరుదులో

తుంటి పక్కన పొడుచుకొచ్చే ఎముక మీద వేలు పెట్టి, "ఈ పక్కకి తిరిగి పడుకోలేను" అంటే పిరుదు పక్క కండరాల సమస్య. అవే మనిషి ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుం కట్టును (కటి ఎముకను) సమంగా నిలబెట్టేది. పక్కనుంచి చేసిన ఆపరేషన్‌లో ఈ కండరాన్ని విడదీసి కుడతారు. అది సరిగ్గా అతకకపోతే నడకలో ఊగుడు మిగులుతుంది. గోడ మీద వేళ్లు ఆనించి ఆపరేషన్ కాలి మీద 30 సెకన్లు నిలబడితే పక్కన నొప్పి రావడమో, రెండో వైపు నడుం కిందికి జారడమో జరుగుతుంది. మనవణ్ని చంకనేసుకుని నడుం ఒక పక్కకి వంచి నిలబడడం, బిందె నడుమున మోయడం దీన్ని రెచ్చగొడతాయి. పడుకునేటప్పుడు రెండో పక్కకి తిరిగి మోకాళ్ల మధ్య మందపాటి దిండు పెట్టుకోవాలి.

తొడ మధ్యలో, ముందువైపు నొప్పి సాధారణంగా కాడ కొసదే. సిమెంటు లేకుండా బిగించిన కాడల్లో ఇది ఎక్కువ. ఎముక కాస్త వంగుతుంది, లోహం వంగదు. బరువు పడినప్పుడు ఆ తేడా కాడ కొస దగ్గర పడుతుంది. మన దగ్గర ఏవీఎన్, అంటే తొడ ఎముక తలకు రక్తం అందక చితికిపోయే జబ్బుతో 30, 40 ఏళ్లకే తుంటి మార్చుకునేవాళ్లు చాలామంది. వాళ్లకు పెట్టేవి ఎక్కువగా సిమెంటు లేని కాడలే కాబట్టి ఈ నొప్పి బాగా వినపడుతుంది. ఇది ఏడాది నుంచి రెండేళ్లలో చాలామందికి తనంతట తగ్గుతుంది. తగ్గకపోతే ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఎక్స్‌రేనూ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టి కాడ కిందికి దిగిందా, చుట్టూ నల్లటి గీత ఏర్పడిందా అని చూడాలి. ఒక్క ఎక్స్‌రే చూసి ఇది చెప్పలేరు. అందుకే మొదటి ఫిలిం పారేయకూడదు. బోన్ స్కాన్‌కు తొందరపడడం వృథా. కొత్త కీలు చుట్టూ ఎముక ఆ స్కాన్‌లో ఏడాది రెండేళ్ల దాకా ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది.

పిరుదులో మొదలై మోకాలు దాటి పిక్కలోకి దిగే నొప్పి నడుముదే అయివుండే అవకాశం ఎక్కువ. తొడ బయటి పక్కన అరచెయ్యంత మేర మంట, మొద్దుబారడం ఉంటే అది చర్మానికి వెళ్లే నరం. ముందువైపు నుంచి చేసే ఆపరేషన్‌లో ఆ నరం సాగే వీలుంది. నెలల తరబడి పట్టినా చాలామందికి మెల్లగా తగ్గుతుంది. బిగుతు బెల్టు, కరుచుకునేలా ముడేసిన లంగా బొందు దాన్ని నొక్కుతాయి, ముందు వాటిని వదులు చేయాలి. ఆ మొద్దుబారిన చోట వేడినీళ్ల సంచి మాత్రం పెట్టకండి. కాలినా తెలియదు.

కాలు పొడవైందంటే

ఇది నొప్పి ఫిర్యాదుల్లో ఒక ప్రత్యేక కుటుంబం. ఏళ్ల తరబడి తుంటి అరిగి, కాలు రెండు సెంటీమీటర్లు కురచై, నడుం ఒక పక్కకి ఒరిగి నడిచిన మనిషికి ఒక్క పూటలో కాలు సరిచేస్తే ఆ కాలు పొడవైనట్టే తోస్తుంది. టేపుతో కొలిస్తే రెండూ సమానమే. బిగుసుకున్న కండరాలు నడుం కట్టును వంచి ఉంచడంవల్ల వచ్చే ఈ తేడా సాగదీసే వ్యాయామాలతో మూడు నుంచి ఆరు నెలల్లో చాలావరకు పోతుంది. ఈలోగా తొందరపడి రెండో చెప్పుకు ఎత్తు వేయిస్తే ఆ వంకరే స్థిరపడిపోతుంది.

నిజంగా తేడా ఉందా అని చూడడానికి 5 మి.మీ. మందం చెక్కలు చాలు. కురచ అనిపించే కాలి కింద ఒక్కొక్కటీ పేర్చుతూ, వెనకనుంచి మరొకరు నడుం ఎముకల మీద చేతులు పెట్టి రెండు చేతులూ సమమయ్యేదాకా చూడాలి. ఒక సెంటీమీటరు లోపు తేడాను ఒళ్లు సాధారణంగా సర్దుకుంటుంది. ఆరు నెలల తర్వాత కూడా అంతకు మించి ఉండి నడుం లాగుతుంటే, మొత్తం తేడాను ఒకేసారి పూడ్చకుండా సగంతో మొదలుపెట్టాలి. చెప్పు లోపల సెంటీమీటరు మించి పట్టదు, మడమ బయటికి జారుతుంది. ఆపైది అడుగు అట్టకే వేయించాలి. ఇంట్లో వట్టికాళ్లతో తిరిగే అలవాటున్నవాళ్లకు బయట చెప్పుకు మాత్రమే ఎత్తు వేస్తే పగలంతా రెండు రకాల నడకలు నడిచినట్టు అవుతుంది. ఇంటికీ ఒక జత ఉండాలి.

చీము అనుమానం: ఇక్కడ ఆలస్యం కూడదు, తొందరా కూడదు

కృత్రిమ కీలులో ఇన్ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికే వస్తుంది కానీ వస్తే అన్నిటికన్నా నష్టం ఎక్కువ. జ్వరం ఉండే తీరాలని లేదు. కుట్లు విప్పాక కూడా వారం పది రోజులు తడి ఊరడం, చిన్న కురుపులా లేచి పగలడం, ఆగని సలుపు చాలు. ఒంట్లో వాపును, ఇన్ఫెక్షన్‌ను పట్టిచ్చే ఈఎస్ఆర్, సీఆర్పీ రెండు రక్తపరీక్షలూ చేయించాలి. ఆపరేషన్ తర్వాత సీఆర్పీ మూడు నుంచి ఆరు వారాల్లో మామూలుకు దిగాలి; ఈఎస్ఆర్‌కు నెలలు పడుతుంది, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే చూసి బెదరక్కర్లేదు.

జరిగే పెద్ద తప్పు ఏమిటంటే, తడి ఊరుతోందనగానే ఎవరో ఒకరు ఐదు రోజుల యాంటీబయాటిక్ రాసేయడం. దాంతో పైకి తగ్గినట్టుంటుంది, సూక్ష్మజీవులు లోహం మీద జిగురు పొరలో దాక్కుంటాయి, తర్వాత సూదితో కీలు నీరు తీసి కల్చర్‌కు (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు) పంపితే ఏమీ మొలవకపోవచ్చు. రోగి స్థితి విషమంగా ఉంటే తప్ప ముందు నీరు తీయాలి, తర్వాతే మందు. అప్పటికే మందు వాడి ఉంటే కనీసం రెండు వారాలు ఆపి నీరు తీయడం సర్జన్లు పాటించే పద్ధతి. ఇంకొకటి: నొప్పి అనగానే తుంటిలో స్టెరాయిడ్ సూది పొడిచే ఆర్‌ఎంపీ వైద్యం మామూలు కీలుకే ప్రమాదమైతే, లోహపు కీలుకు ఇంకా పెద్ద ప్రమాదం. ఏ సూదైనా ఆపరేషన్ చేసిన డాక్టరుకు తెలిసే పడాలి.

లోహపు గిన్నెలో లోహపు బంతి తిరిగే కీళ్లు ఉన్నవాళ్లది వేరే దారి. అరుగుదలలో కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరి, చుట్టూ కండ దెబ్బతినొచ్చు. ఏఎస్ఆర్ అనే రకాన్ని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలోనూ అవి పెట్టించుకున్నవాళ్లున్నారు. వీరికి నొప్పి లేకున్నా రక్తంలో ఆ రెండు లోహాల పరీక్ష, లోహపు నీడలు తగ్గించి తీసే ఎమ్మారై అవసరం.

మాత్రల లెక్క

పారాసెటమాల్ 650 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, వేళకు వేసుకుంటే, నొప్పి ముదిరాక వేసుకునేదానికన్నా బాగా పనిచేస్తుంది. రోజు మొత్తం 3 గ్రాములు దాటకూడదు. అలవాటుగా మద్యం తాగేవాళ్లకు, కాలేయం దెబ్బతిన్నవాళ్లకు ఇంకా తక్కువే. మందుల షాపులో ఇచ్చే ఎసిక్లోఫెనాక్ జంట మాత్రలో 325 మి.గ్రా. పారాసెటమాల్ ఇప్పటికే ఉంటుందన్న సంగతి తెలియక రెండూ కలిపి మింగేవాళ్లు ఎందరో. పైగా ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా దాదాపు 35 రోజులు పలచబరిచే మందు ఇస్తారు. ఆ రోజుల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు సొంతంగా వేసుకుంటే కడుపులో రక్తస్రావానికి దారి. బీపీకి మాత్ర, నీరు పోవడానికి మాత్ర వాడే పెద్దలకు ఇవి మూడోదిగా తోడైతే కిడ్నీ మీద దెబ్బ పడుతుంది.

మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు ఉండే నొప్పికి ఈ మాత్రలేవీ ఆనవు. దానికి ప్రిగాబలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్ వంటివి రాస్తారు. చిన్న మోతాదుతో రాత్రి పూట మొదలుపెట్టాలి. మత్తుకు పెద్దవాళ్లు బాత్రూములో తూలి పడితే కొత్త తుంటి పక్కనే ఎముక విరుగుతుంది. హఠాత్తుగా మానేయనూ కూడదు.

ఇక ఏ పరీక్షలోనూ ఏమీ దొరకని నొప్పి. ఏళ్ల తరబడి నొప్పి భరించిన ఒంట్లో నరాల వ్యవస్థ అతిగా సున్నితమై, చిన్న తాకిడినీ పెద్దగా చెబుతుంది. కాలిన చేతికి గోరువెచ్చటి నీళ్లు కూడా చురుక్కుమన్నట్టు. ఆపరేషన్‌కు ముందు ఎంత ఎక్కువ నొప్పి పడ్డారో, ఇంకెన్ని కీళ్లు నొస్తున్నాయో, నిద్ర ఎంత చెడిందో అన్నదాన్ని బట్టి ఇది పెరుగుతుంది. "అంతా మీ మనసులోనే ఉంది" అనడం తప్పు, మొరటు కూడా. నొప్పి నిజం, లోహం మాత్రం నిర్దోషి. దీనికి రెండో ఆపరేషన్ పనికిరాదు. నిద్ర చక్కబరచడం, నరాల మందు, కొలత ప్రకారం పెంచే కదలిక పనికొస్తాయి.

ఎంత నడవాలి, ఎలా కూర్చోవాలి

బాగున్న రోజు మూడు వీధులు తిరిగి, మర్నాడు మంచం దిగకపోవడం అందరూ చేసే పొరపాటు. పది నిమిషాలకు నొప్పి మొదలవుతుంటే ఏడు నిమిషాలతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచాలి. నడిచాక పెరిగిన నొప్పి రెండు గంటల్లో దిగితే సరైన మోతాదు. మర్నాడు పొద్దున్న కూడా నిన్నటికన్నా ఎక్కువుంటే మూడోవంతు తగ్గించాలి. బలానికి వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం ఎత్తడం, గోడ పట్టుకుని నిలబడి కాలు పక్కకు చాచడం, ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, ఒక్కొక్కటి పదిసార్లు, పూటకు రెండు విడతలు సరిపోతాయి. సోయాస్ నొప్పి ఉన్నవాళ్లు మోకాలు మడవకుండా కాలు ఎత్తే వ్యాయామం మానుకోవాలి. అందరికీ ఇచ్చే అచ్చు కాగితంలో అది తరచూ ఉంటుంది, వీళ్లకు అదే శత్రువు.

చేతికర్ర నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి. చేతులు వేలాడదీసి నిలబడితే మణికట్టు గీత దగ్గరికి పిడి రావాలి. నొప్పి వైపే పట్టుకుంటే ఒళ్లు ఆ పక్కకే ఒరిగి తుంటి మీద బరువు పెరుగుతుంది. కర్ర అడుగు రబ్బరు నున్నగా అరిగితే కొత్తది వేయించాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు, కర్ర ముందు.

కూర్చున్నప్పుడు మోకాలు తుంటికన్నా పైకి రాకూడదు. వెనకనుంచి చేసిన ఆపరేషన్‌కు తొలి ఆరు నుంచి పన్నెండు వారాలు కీలు జారకుండా ఉండడానికి ఇది గట్టి నియమం. నొప్పి మిగిలినవాళ్లకు ఆ తర్వాత కూడా పనికొస్తుంది. నవారు మంచం, కుంగిపోయే సోఫా, పీట, నేల మీద బంతి భోజనం, నేల మట్టపు మరుగుదొడ్డి దీనికి అడ్డు. పెళ్లికి వెళితే ప్లాస్టిక్ కుర్చీలు రెండు ఒకదానిలో ఒకటి పెట్టించుకుంటే ఎత్తూ వస్తుంది, గట్టిదనమూ వస్తుంది. వాచిన పిక్కను నూనె రాసి గట్టిగా పిసకడం, పసరు కట్టు కట్టించి కాలు లాగించడం రెండూ వద్దు: మొదటిది గడ్డకట్టిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపగలదు, రెండోది బంతిని గిన్నెలోంచి తప్పించగలదు. పిక్క వాచి నొస్తున్నా, ఆయాసం వచ్చినా, కాలు ఒక్కసారిగా కురచై తిరిగిపోయినా, పాదం పైకి లేవకపోయినా, వణుకుతో జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

రెండోసారి కోయాలంటే

కారణం తేలకుండా "తెరిచి చూద్దాం" అనే ఆపరేషన్‌కు ఒప్పుకోకపోవడమే మంచిది. నొప్పికి పేరు దొరకని చోట కీలు మార్చినా ఫలితం నిరాశే ఎక్కువ. మరో డాక్టరు అభిప్రాయం కోసం వెళ్లేటప్పుడు రెండు వారాల చిన్న నోటుపుస్తకం తీసుకెళ్లాలి: నొప్పి వేళ, వేలు పెట్టిన చోటు, అప్పుడు చేస్తున్న పని, వేసుకున్న మాత్ర. దానితోపాటు తేదీల వరసలో ఎక్స్‌రేలు, ఆపరేషన్ వివరాల కాగితం, దానికి అంటించిన స్టిక్కర్లు. గిన్నె, లైనర్, బంతి, కాడ ఒక్కోదాని కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఆ స్టిక్కర్ల మీదే ఉంటాయి. డిశ్చార్జి నాడు అడిగి ఫొటో తీసుకోకపోతే పదేళ్ల తర్వాత ఆస్పత్రి రికార్డుల్లో దొరుకుతాయన్న భరోసా లేదు. బంతి కూర్చునే కాడ మెడ కొలతలు కంపెనీకొక రకంగా ఉంటాయి. స్టిక్కరు చేతిలో ఉంటే సరిపోయే బంతి, లైనర్ ముందే తెప్పించి అవి మాత్రం మార్చి వదిలేయొచ్చు. లేకపోతే ఎముకలో గట్టిగా నాటుకున్న మంచి కాడను కూడా తొడ ఎముక చీల్చి తీయాల్సి రావచ్చు.